పన్నెండో రాయి

చెప్పు కనబడింది ముందా, రాళ్ళు తీసింది ముందా, ఆ ఒక్కటి తేలితే చాలు, మిగిలినదంతా దాని వెనకాలే వరసగా వచ్చి కూర్చుంటుంది, కానీ ఎనిమిది నెలలుగా తేలనిది ఇప్పుడీ కోర్టు వరండాలో, బంట్రోతు తన పేరు పిలిచేలోగా తేలుతుందా అని నరసింహప్పకు అనుమానం. గోడకు ఆనుకుంటే చొక్కాకు సున్నం అంటింది. దులుపుకుంటే చేతికి అంటింది. ఈ మధ్య సున్నం ఎక్కడ చూసినా చెయ్యి వెనక్కి తీసుకోవడం అలవాటైంది. ఉలవ కుప్ప చుట్టూ పెట్టిన ఆ రాళ్ళకు సున్నం పూసింది తనే. తలకాయంత రాళ్ళు, పన్నెండు, లారీవాళ్ళకు దూరం నుంచే కనబడాలని. పోలీసులు రాసుకున్న పంచనామాలో మాత్రం పదకొండే ఉన్నాయి. పన్నెండోది ఏమైందని ఎవరూ అడగలేదు, అడగడానికి పన్నెండోది ఒకటుందని తెలిసినవాళ్ళు లేరు, తను తప్ప. తనూ, బహుశా, వరండా ఆ చివర గచ్చు మీద కొంగు తలమీదికి లాక్కుని కూర్చున్న తిప్పమ్మ. చచ్చిపోయిన తమ్ముడి పెండ్లాం. ఆమెకు తెలుసని చెప్పలేడు, తెలియదని నమ్మలేడు. పొద్దున కళ్యాణదుర్గం నుంచి బస్సులో ఇద్దరూ ఒకే వరసలో కూర్చుని వచ్చారు, మధ్యలో ఎవరిదో కోళ్ళ గంప. ఆమె దారి పొడుగునా కిటికీలోంచి వాడిపోయిన వేరుశనగ చేలనే చూస్తూ వచ్చింది. చూడడానికి అక్కడ ఏముంది, వాన పడి నలభై రోజులైంది, ఎవరి చేను చూసినా ఒకటే. తన ముఖం చూడకుండా ఉండడానికే అటు చూసిందేమో.

లోపల ఏదో బెయిలు వాదన నడుస్తోంది. అది అయిపోతే తమది. తమది అనుకోగానే నరసింహప్పకు ఒళ్ళు ముడుచుకుంది, తమది ఏమిటి, అది జయరాముడి కేసు. లారీ డ్రైవరు జయరాముడు తాగి లారీ తోలి, రోడ్డు మీద ఉలవ కుప్పలో పడుకున్న తన తమ్ముడు ఓబుళేసును చంపాడని కేసు. తాగాడన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. డాక్టరు కాగితం ఉంది. సారా అంగడి లింగప్ప నిన్ననే బోనెక్కి, రెండు గ్లాసులు తాగినాడు, తాగతా ఓబుళేసు పేరెత్తి తిట్టినాడు అని చెప్పి పోయాడు. తిట్టడానికి కారణం చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. పదిహేను రోజుల ముందు ఓబుళేసు లారీ టాపు మీద కూర్చుని వస్తూ మూటల మీద వాంతి చేసుకుంటే జయరాముడు వాణ్ణి నడిదారిలో దింపేశాడు. ఆ కోపంతో ఓబుళేసు సంతలో, అందరి ముందర, కాలి చెప్పు తీసి జయరాముడి చెంప మీద కొట్టాడు. జయరాముడు తిరిగి కొట్టలేదు. చెంప తుడుచుకుని, "ఒగ రోజు నా టైర్ల కిందికే వస్తావులే" అన్నాడు. అంతే అన్నాడు. కోపంలో ఎవరైనా ఏదో ఒకటి అంటారు, ఆ మాట అక్కడే దుమ్ములో పడిపోవాల్సింది, పడిపోకుండా ఇప్పుడు కోర్టు కాగితాల్లోకి వచ్చి కూర్చుంది. తను ఆ సంతలో ఉన్నాడు. తమ్ముడు చెప్పు ఎత్తుతుంటే ఆపగలిగినంత దగ్గర్లోనే ఉన్నాడు. ఆపలేదు. ఎందుకు ఆపలేదని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగేవాళ్ళు లేనందుకు ఊపిరి పీల్చుకున్న ప్రతిసారీ, ఆ ఊపిరి ఎవరైనా విన్నారేమో అని చుట్టూ చూసుకుంటాడు.

నాయన ఉన్నప్పుడు ఈ రోడ్డు లేదు. తారు పడిన కొత్తలో నాయనే తనను పక్కన నిలబెట్టుకుని చూపించాడు. ఎద్దుల జత లేని రైతులు ఉలవ చెట్టును పెరికి తెచ్చి సగం రోడ్డుకు అడ్డంగా మోకాలెత్తున పరుస్తారు, బస్సులూ లారీలూ దాని మీదుగా పోతే కాయ పగిలి గింజ రాలుతుంది. చెట్టు ఎండేదాకా కుప్ప చుట్టూ రాళ్ళు పెడతారు, రావద్దని. ఎండిన తరువాత రాళ్ళు తీసేస్తారు, రమ్మని. చెయ్యి ఊపనక్కర్లేదు, కేక వెయ్యనక్కర్లేదు. రాళ్ళు లేని కుప్ప కనబడితే చాలు, పక్కన రోడ్డంతా ఖాళీగా ఉన్నా ఈ దారిన తిరిగే డ్రైవర్లు చక్రాలు కుప్ప మీదికే తిప్పుతారు, రైతుకు అదొక సాయం, తమకు పోయేదేమీ లేదు. పుట్టి బుద్ధెరిగినవాడెవడికీ ఇక్కడ ఇది చెప్పనక్కర్లేదు. కానీ ఎస్సై కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. "ఇంత ఖాళీ రోడ్డు పెట్టుకుని వాడు కుప్ప మీదికి ఎందుకు తిప్పాడయ్యా?" అన్నాడు. తను నోరు తెరిచి ఉంటే ఒక్క మాటతో అయిపోయేది. తెరవలేదు. "ఈ రాళ్ళెందుకు?" అన్నాడు ఎస్సై. "రావద్దని సార్" అన్నాడు తను. "అంటే వద్దని రాళ్ళు పెట్టినా ఎక్కించాడన్నమాట." అప్పుడు తను అవునన్నాడో, తల ఊపాడో, ఊరికే నిలబడ్డాడో. కానిస్టేబులు రాసుకున్నాడు. ఉత్త అబద్ధం కూడా కాదది, రాళ్ళెందుకంటే రావద్దనే కదా, అడిగినదానికి నిజమే చెప్పాడు. అడగనిదానికి ఎవరైనా ఎందుకు చెబుతారు? ఆ ఎస్సై మళ్ళీ రెండుసార్లు ఊళ్ళోకి వచ్చాడు. రెండుసార్లూ తన ఇంటి ముందే జీపు ఆపి నీళ్ళు అడిగాడు. నీళ్ళకోసమేనా?

పొద్దున సర్కారు వకీలు తన గదిలో కూర్చోబెట్టి, మూడు వేళ్ళు ఎత్తి చూపించాడు. ముక్కుపొడి పీల్చే మనిషి, ఆ మూడు వేళ్ళకూ పొడి మరకలు. "సూడప్పా, మూడు మెట్లుంటాయి. సూసుకోకుండ తోలి మనిషిని సంపితే రెండేండ్లు. ఇట్ల తోలితే ప్రాణం పోతాదని తెలిసీ తోలితే పదేండ్లు. సంపల్లనే తోలినాడనుకో, యావజ్జీవం, లేదంటే ఉరి. సచ్చిపోయింది ఒగ మనిషే, లారీ ఒగటే, తోలినోడు ఒగడే. మనసులో ఏముండెనో దాన్ని బట్టి మెట్టు మారతాది." తాగినవాడికి మనసులో ఏముంటుంది సార్, అని నరసింహప్ప అడిగాడు. వకీలు నవ్వాడు. "తాగినాను నాకేం తెల్దంటే కుదర్దు. వాని గొంతులో ఎవురూ బలవంతంగా పోయలేదు కదా. తనకు తాను తాగినోడు, తాగనోనికి ఎంత తెలుస్తాదో అంత తెలిసినట్లే అంటాది చట్టం. అంటే రెండో మెట్టు దాకా చట్టం మనకు చెయ్యి ఇస్తాది. మూడో మెట్టుకు మాత్రం, సంపల్లని అనుకున్యాడని మనమే చూపించల్ల. దానికి నాకాడ రెండుండాయి. సంతలో అన్న మాట ఒగటి. నీ రాళ్ళు ఒగటి. వద్దని గుర్తు పెట్టినచోటికి, ఖాళీ రోడ్డు వదిలిపెట్టి, రాళ్ళు ఎక్కించి మరీ పోయినాడంటే ఇంగేమి కావల్ల?" రాళ్ళు లేకపోతే సార్, అన్నాడు నరసింహప్ప. ఎందుకన్నాడో, ఆ మాట తనకంటే ముందు తన నోరే అన్నట్టుంది. వకీలు కళ్ళజోడు మీదినుంచి చూశాడు. "లేకపోతే ఏముంది, అందరూ తోలినట్ల తోలినాడు, కింద ఎవురుండారో సూసుకోలేదు. మొదటి మెట్టు. రాళ్ళుండాయి కదప్పా?" ఉన్నాయి సార్. "ఉండాయి కదా?" ఉన్నాయి సార్. రెండుసార్లు ఎందుకు అడిగాడు? ఒకసారి చెప్పిన మాటను రెండోసారి అడిగేవాడు మొదటిసారి నమ్మనట్టే కదా.

వకీలు వేళ్ళు దించేశాడు గానీ నరసింహప్పకు ఆ మూడు వేళ్ళూ కళ్ళముందు అట్లాగే నిలబడి ఉన్నాయి. ఆ గదిలోంచి బయటికొచ్చి టీ తాగుతున్నప్పుడు గ్లాసు పట్టుకున్న తన వేళ్ళు కూడా మూడే కనబడ్డాయి. సూసుకోలేదు, తెలిసింది, సంపల్లనుకున్యాడు. ఆ మెట్ల మీద జయరాముణ్ణి నిలబెట్టి చూద్దామని ఎన్నిసార్లు ప్రయత్నించినా వాడు నిలబడడు, వాడు ఊగుతూ జారిపోతాడు, ఆ జాగాలోకి పంచె ఎగగట్టుకుని రాయి మోస్తున్న మనిషి ఒకడు వచ్చి నిలబడతాడు.

ఎద్దు. దాన్ని వదిలేస్తే ఏదీ అర్థం కాదు. నాయన పోయాక పంపకాల్లో ఎద్దుల జతలో ఒకటి తనకు, ఒకటి ఓబుళేసుకు వచ్చాయి. రెండూ కలిస్తేనే కాడి, రెండూ కలిస్తేనే కళ్ళంలో నూర్పిడి గుండు తిరుగుతుంది, ఏటేటా కలుపుకుంటూనే వచ్చారు. ఆ ఏడు ఉలవ కోతలప్పుడే ఓబుళేసు తన ఎద్దును తోలుకుపోయి కదిరి దగ్గర మామగారింట్లో కట్టేసి వచ్చాడు. ఎందుకురా అంటే, నా ఎద్దు నా ఇష్టం అన్నాడు. నవ్వుతూ అన్నాడు, తాగినప్పుడు వాడి నవ్వు చిన్నప్పటి నవ్వే, అదే భరించలేకపోయేది. ఒంటి ఎద్దుతో ఏం చేస్తాడు, తను చెట్టంతా నెత్తిన మోసి రోడ్డుకు చేర్చాడు. నాలుగు రోజులు మోశాడు, మెడ పట్టేసింది. ప్రతి మోపుకూ ఒక మాట అనుకున్నాడు. ఏమనుకున్నాడో ఆ మాట ఇప్పుడు పైకి అనలేడు. అన్నదమ్ములు అందరూ అనుకునేదే. పాడైపోనీ, పోతే పోనీ అని. అట్లా అనుకున్నవాళ్ళందరినీ వకీలు మూడో మెట్టు మీద నిలబెడితే ఊళ్ళో ఇళ్ళకు తలుపులు వేసేవాళ్ళు మిగలరు. కానీ అనుకున్నాడు. ఏ మోపు దగ్గర, ఏ రోజున, ఆ రోజునేనా?

ఆ రోజు మధ్యాహ్నం ఓబుళేసు తాగి వచ్చాడు. కుప్ప ముందు నిలబడి, "నా పాలు గింజలు నాకు కొలిసియ్యి, అన్నా" అన్నాడు. గింజే రాలలేదు, ఏమి కొలవాలి? మాటా మాటా అనుకున్నారు. తనకు గొంతు ఎండిపోయి పక్క చేలో బావి దగ్గరికి నీళ్ళకు పోయాడు. తిరిగి వచ్చేసరికి వాడు లేడు. ఇంటికి పోయుంటాడని అనుకున్నాడు. అనుకున్నాడా? ఇంటికి పోయే దారి బావి మీదుగానే కదా పోయేది. వాడు ఎదురు రాలేదు. చెట్టు విరిచి చూస్తే పెళపెళమంది, బాగా ఎండింది, రాళ్ళు తీసే వేళయింది. ఒక్కొక్కటీ ఎత్తి రోడ్డు వారగా వేశాడు. ఒకటి, రెండు, మూడు. ఈ మూలనో ఆ మూలనో, కుప్ప అంచున ఒక తోలు చెప్పు, ఒక్కటే, బోర్లా పడి లేదు, సరిగ్గా విప్పి పెట్టినట్టు ఉంది. అది ఎన్నో రాయి దగ్గర? మొదటి రాయి దగ్గరైతే ఒక మెట్టు, పన్నెండో రాయి దగ్గరైతే ఇంకో మెట్టు, అన్నీ తీసేశాక లారీ మలుపు తిరుగుతుంటే కనబడి ఉంటే అసలు ఏ మెట్టూ కాదు. ఓబుళేసు ఐదేళ్ళ పిల్లప్పుడు కళ్ళంలో చొప్పలో దూరి పడుకునేవాడు. దూరే ముందు చిన్న చెప్పులు విప్పి బయట పెట్టేవాడు, ఇంట్లోకి పోతున్నట్టు. అమ్మ పిలిచి పిలిచి అలసిపోయేది, తనకు మాత్రం చెప్పులు చూడగానే తెలిసిపోయేది, వేలు నోటి మీద పెట్టుకుని చొప్పలో చెయ్యి దూర్చి వాడి కాలు పట్టి లాగేవాడు, వాడు కిచకిచ నవ్వేవాడు. ఆ సంగతి ఈ భూమ్మీద ఇంక ఎవరికీ తెలియదు. అమ్మ పోయింది. వాడు పోయాడు. తిప్పమ్మకు వాడు ఎప్పుడైనా చెప్పి ఉంటాడా?

గేటు దగ్గర చప్పుడైంది. ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య జయరాముడు వచ్చాడు, బేడీలతో. మనిషి తగ్గిపోయాడు, జైల్లో సారా దొరకదు కాబట్టి ముఖం మీద ఉబ్బు దిగి పదేళ్ళ కిందటి ముఖం బయటపడింది. వరండా మెట్ల మీద కూర్చోబెట్టారు. కానిస్టేబుళ్ళలో ఒకడు బీడీ ముట్టించుకుంటే జయరాముడు చెయ్యి చాపాడు, ఒక దమ్ము ఇచ్చారు. నరసింహప్ప ముఖం తిప్పుకున్నాడు. తిప్పుకున్నా మెడ మీద వాడి చూపు చీమలాగ పాకుతోంది.

"అన్నా" అన్నాడు జయరాముడు. "ఉలవలు ఎట్లొచ్చినాయన్నా?"

ఎగతాళా? నరసింహప్ప తిరిగి చూశాడు. వాడి ముఖంలో ఎగతాళి లేదు. లేనట్టు పెట్టుకున్నాడా? ఆ దారిలో ఏ కుప్ప తొక్కించినా మరుసటి ట్రిప్పులో ఆగి అడుగుతారు డ్రైవర్లు, ఎట్లొచ్చినాయి అని. అలవాటు.

"వచ్చినాయిలే" అన్నాడు.

"సాక్షితో మాట్లాడాకు రా" అన్నాడు కానిస్టేబులు, గట్టిగా ఏమీ కాదు.

"ఏం మాట్లాడినాను సామీ, ఉలవల మాటే కదా." జయరాముడు బేడీల చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "అన్నా, ఒగటి అడుగుతా. నాకేమీ సరిగా గుర్తు లేదు. సంతలో ఓబుళేసు కొట్టింది గుర్తుండాది. ఆ పొద్దు వాన్ని తిట్టుకుంటా తాగింది గుర్తుండాది. స్టీరింగు తిప్పింది గుర్తుండాది. ఎందుకు తిప్పితినో అదే లేదు. ఉలవలు తొక్కించల్లని తిప్పితినో, వాన్ని సూసి తిప్పితినో. నా వకీలుకు రాళ్ళు లేవని చెప్పినా. కానీ నాకే నమ్మకం లేదు. నువ్వు తాగనోడివి. రాళ్ళు ఉన్నెనా అన్నా? నువ్వు ఉన్నెయంటే ఉన్నెయనే అనుకుంటా. సంపల్లనే పోయినాననుకుంటా."

నరసింహప్ప చొక్కాకు అంటిన సున్నం మళ్ళీ దులుపుకున్నాడు. నోరు తెరిస్తే ఏమి వస్తుందో తెలియదు.

"ఒగటే కల వస్తాదన్నా, పండుకున్యప్పుడంతా" అన్నాడు జయరాముడు, బీడీ వాసన కోసం గాలి పీల్చుకుంటూ. "నేను కుప్పలో చేతులు పెట్టి వాన్ని లాగతాంటా. నువ్వేమో రాళ్ళు మోసుకోని వస్తాంటావు. ఎత్తతావు, పెడతావు, ఎత్తతావు, పెడతావు. రాన్నా, పట్టు, అని అరుస్తాంటా, నువ్వు రావు. తాగినోని తలకాయ, ఏమేమో సూపిస్తాది." నవ్వాడు. "ఇంత జరిగినా సారా మీద మనసు పోలేదు సూడు, నా ముండమోపి బతుకు."

సాలించరా, అని కానిస్టేబులు లేపి వాణ్ణి అవతలి తలుపు వైపు తీసుకుపోయాడు. బేడీల చప్పుడు పోయింది, కల పోలేదు. కల కాదు గనక. ముందు చక్రం కుప్ప మీద ఒక్కసారి లేచి దిగింది, ఉలవ చెట్టు మీద చక్రం అట్లా లేవదు, ఎన్ని వందల లారీలు చూశాడు. అంత తాగినవాడు కూడా అది తెలిసి బండి ఆపి దూకాడు, కుప్పలో చేతులు పెట్టి తవ్వాడు, ఓబుళేసూ ఓబుళేసూ అని ఏడ్చాడు. తాగని తనేమో రోడ్డు వారకు పరుగెత్తాడు. రాళ్ళ దగ్గరికి. ముందు పోయింది రాళ్ళ దగ్గరికి. తమ్ముడి కాలు పట్టి లాగాల్సిన చేతులతో రాళ్ళు ఎత్తి కుప్ప చుట్టూ పెట్టుకుంటూ పోయాడు, ఒకటి, రెండు, మూడు, ఎవరో వస్తున్న చప్పుడు వినబడి పదకొండుతో ఆగిపోయాడు. పన్నెండోది మర్చిపోయాడు, దాన్ని రోడ్డుకు ఎడంగా జరుపుకుని దాని మీదే కూర్చుని ఉన్నాడు లారీ వచ్చేదాకా. వస్తున్నది తిప్పమ్మ. సద్ది గంపతో. ఆమె పడుతూ లేస్తూ వచ్చి కూలబడింది ఆ రాయి దగ్గరే, దాన్ని పట్టుకునే ఏడ్చింది. రోడ్డుకు అంత ఎడంగా, సున్నం పూసిన రాయి ఒకటి ఎందుకుందని ఏడ్చే మనిషి ఆలోచిస్తుందా? తరువాత ఆలోచించి ఉంటుంది. వాణ్ణి పూడ్చి వచ్చిన పదిరోజులకు ఆమె గుడిసెకు పోతే, పొయ్యి కింద మూడు రాళ్ళలో ఒకదానికి మసిలోంచి సున్నం మచ్చ కనబడింది. అంత దూరం నుంచి దాన్ని మోసుకొచ్చి పొయ్యికి పెట్టుకుంది. ఊళ్ళో రాళ్ళే లేనట్టు. ఆ రోజు నుంచి తను ఆమె ఇంట్లో మెతుకు ముట్టలేదు.

ఉలవలు వచ్చినాయి, బాగానే వచ్చినాయి. మరకలు పడిన చెట్టు తీసి కాల్చేశాడు. మూడోనాడు మిగిలినది తూర్పారపట్టాడు. ఆ రోజు గాలి భలేగా ఉంది, పొట్టు ఒక పక్కకు, గింజ ఒక పక్కకు, చేటలోంచి దారకట్టినట్టు పడింది. గాలి బాగుందని అనుకున్నాడు. తమ్ముడు పోయిన మూడోనాడు, గాలి బాగుందని. ఆ ఒక్క మాటకు ఏ మెట్టు? వకీలు దగ్గర దానికి వేలు లేదు. చెప్పు ముందా రాళ్ళు ముందా అని వెతుక్కుంటూ తిరగడం కూడా దొంగ వెతుకులాటేమో, దొరకకూడదని వెతకడమేమో. జయరాముడికి తన మనసులో ఏముందో తెలియక తనను అడిగాడు. వాడికి తాగిన సాకు ఉంది. తనకు? బావి నీళ్ళు తప్ప తాగింది లేదు.

"బావా, నీళ్ళు తాగు."

ఎప్పుడు లేచి వచ్చిందో, తిప్పమ్మ చెంబుతో ఎదురుగా నిలబడి ఉంది. ముఖం పక్కకు పెట్టుకుంది, ఎప్పుడూ అంతే, బావ ముఖంలోకి చూడదు. అందుకే ఆమె కళ్ళలో ఏముందో ఎన్నడూ చూడలేదు.

"గొంతు ఎండితే లోపల మాట రాదు" అంది.

ఏ మాట? చెంబు అందుకున్నాడు. తాగాడు. నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. ఎనిమిది నెలలుగా గొంతులో ఉన్నది ఆ నీళ్ళతో కిందికి పోకుండా పైకి వచ్చింది.

"తిప్పమ్మా, నీ పొయ్యి రాయి..."

"ఏ రాయి?"

"సున్నం రాయి."

"పొయ్యికి రాయి కావల్సి వచ్చె, తెచ్చుకుంటి." చెంబు అందుకుని, మిగిలిన నీళ్ళు వరండా కింద ఎండిన తులసి మొక్కకు పోసింది. "నీకు కావల్నా బావా? కావల్నంటే తీస్కపో. యాడ పెట్టుకుంటావో పెట్టుకో."

తిరిగి పోయి తన చోట కూర్చుంది. నరసింహప్ప ఆమె మాటను అటూ ఇటూ తిప్పి చూశాడు. తెలియక అన్నదైతే అంత నెమ్మదిగా ఎందుకు అంది? తెలిసి అన్నదైతే అంత నెమ్మదిగా ఎట్లా అనగలిగింది? ఏ పక్కకు తిప్పినా ఆ మాటకు అంచు దొరకలేదు. దొరకనవసరం లేదేమో. ఆమె మనసులో ఏముందో, జయరాముడి మనసులో ఏముండెనో, తన మనసులో ఆ మధ్యాహ్నం ఏముండెనో, మూడూ కుప్ప కిందే ఉన్నాయి, మోకాలెత్తు చెట్టు కింద. రాళ్ళు మాత్రం కుప్ప బయట ఉండేవి. చేతులతో ఎత్తినవి, చేతులతో పెట్టినవి. వాటికి బరువుంది.

"నరసింహప్పా! నరసింహప్పా! నరసింహప్ప హాజర్!"

లోపల ఫ్యాను తిరుగుతున్నా గాలి లేదు. దేవుని ఎదుట ప్రమాణం చేయించారు, నోరు పలికింది. జడ్జిగారు తల వంచుకుని రాసుకుంటున్నారు. అవతలి బోనులో జయరాముడు కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు, తన వైపే చూస్తున్నాడు, భయంగా కాదు, లెక్క తప్పో ఒప్పో అడిగే పిల్లవాడిలా. తలుపు అవతల తిప్పమ్మ కొంగు అంచు కనబడుతోంది. సర్కారు వకీలు పేరు, ఊరు, చచ్చినవాడు ఏమవుతాడు అని ఒక్కొక్కటే అడిగాడు. సంతలో మాట అడిగాడు. విన్నాను సామీ, అన్నాడు. వకీలు తృప్తిగా తల ఊపి గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా సంచిలోంచి ఒక రాయి తీసి బోను ముందరి బల్ల మీద పెట్టాడు. దానికి దారంతో కట్టిన అట్టముక్క, అంకె, సంతకం. సున్నం ఇంకా పోలేదు. వకీలు ఎర్ర గుడ్డలో కట్టిన కాగితాల కట్టను దాని పక్కకు జరిపాడు.

"ఇదీ మీ ఉలవ కుప్ప అనుకో. లారీ వచ్చేటప్పటికి ఈ రాయి యాడుండెనో కోర్టువారికి చూపించప్పా."

రాయి కట్టకు ఆనుకునే ఉంది, వకీలు కావాలనే అట్లా పెట్టాడు, వేలు పెట్టి చూపిస్తే చాలు, అక్కర్లేదు, తల ఊపితే చాలు. తల ఊపడం తనకు అలవాటే. జడ్జిగారి కలం ఆగి ఉంది. నరసింహప్ప బోనులోంచి వంగాడు. రెండు చేతులతో రాయిని ఎత్తాడు. కట్టకు దూరంగా తీసుకొచ్చి, అట్టముక్క వేలాడుతుండగా, ఇంకా కిందికి వంగి, చప్పుడు కాకుండా దాన్ని గచ్చు మీద, గోడ వారగా పెట్టాడు.